అడవి పంది ట్రోఫీ: కోరల పలకా, పుర్రె, తల మౌంటా? ఏది ఎందుకు, ఎలా చేయాలి

అడిగింది ఇదీ: చట్టబద్ధంగా అనుమతి ఉన్న చోట ముదురు మగ అడవి పందిని వేటాడే అవకాశం వచ్చింది. తల మొత్తం మౌంట్ చేయించాలా, కోరలు మాత్రం పలక మీద బిగించాలా? అసలు ట్రోఫీకి గొప్ప చూపుకోవడం తప్ప వేరే అర్థం ఉందా?

ఒక్కటే ఎంచుకోవాలంటే కింది దవడతో సహా పూర్తి పుర్రెను దాచండి. ఆ తర్వాత కోరల పలక, అదీ దవడ ఎముకను పారేయకుండా. తల మౌంట్‌ని మూడో స్థానంలో పెడతాను. అది అందంగా ఉండదని కాదు. బాగా చేసిన తల మౌంట్ ముందు ఎవరైనా నిలబడిపోతారు. కానీ తోలు కింద ఉండేది నురగతో చేసిన అచ్చు. చాలాసార్లు నోట్లో కనిపించే కోరలు కూడా ప్లాస్టిక్‌వే, అసలువి డబ్బాలో ఎక్కడో ఉంటాయి. ఆ జంతువు ఎన్నేళ్ళు బతికింది, ఎలా బతికింది అన్నది రాసి ఉండేది పళ్ళలో. దాన్ని పోగొట్టుకుంటే గోడ మీద మిగిలేది ఒక బొమ్మ.

ట్రోఫీ అనే మాట గ్రీకుల నుంచి వచ్చింది. యుద్ధంలో శత్రువు వెనుదిరిగిన చోట, దొరికిన ఆయుధాలతో నిలబెట్టే గుర్తుకి ఆ పేరు. అంటే మొదట అది ఒక చోటుకీ ఒక సంఘటనకీ సాక్ష్యం. పంది కోరలకి ఆ విలువ చాలా పాతది. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో ప్రాచీన గ్రీసులోని మైసీనియన్ యోధులు కోరల్ని పలుచటి పలకలుగా కోసి శిరస్త్రాణాల మీద వరసగా కుట్టించుకునేవారు. ఒక్క శిరస్త్రాణానికి పదుల సంఖ్యలో పందులు కావాలి. గ్రీకు పురాణంలోని కాలిడాన్ పంది కథలో చిచ్చు పెట్టింది పంది కాదు. దాని తోలు, తల ఎవరికి దక్కాలన్న తగువు. కాబట్టి ట్రోఫీ చుట్టూ అహం అల్లుకోవడం కొత్తేమీ కాదు. దాన్ని పక్కన పెట్టి చూస్తే మిగిలే అర్థం నా దృష్టిలో ఒక్కటే: ఈ జంతువు తన ఈడు నిండా బతికింది, సరైన జంతువునే ఎంచుకున్నాం, దాన్నించి వచ్చినదాన్ని వృథా చేయలేదు అనడానికి రుజువు. ఆ రుజువు నిలబడాలంటే వయసు తెలియాలి. అందుకే పళ్ళ గురించి ఇంత పట్టుదల.

పాత తెలుగులో అడవి పందిని ఏకలం అన్నారు. ముదురు మగపంది నడవడికకి అతికినట్టు సరిపోయే మాట. మంద అంటే ఆడపందులూ వాటి పిల్లలూ. దాన్ని నడిపేది పెద్ద ఆడపంది. మగవి ఏడాది, ఏడాదిన్నర వయసులో మందలోంచి బయటపడి, ఈడు మీరాక ఒంటరిగా తిరుగుతాయి. ఎదకాలంలో మాత్రం మందను వెతుక్కుంటూ వస్తాయి. సమశీతోష్ణ దేశాల్లో అది ఎక్కువగా నవంబర్ నుంచి జనవరి దాకా. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఒంటరిగా కనబడిందల్లా ముదురు పంది కాదు. మందలోంచి అప్పుడే బయటపడ్డ రెండేళ్ళ మగది కూడా ఒంటరిగానే కనిపిస్తుంది, పోల్చుకోవడానికి పక్కన ఇంకో పంది లేకపోతే కొండంతగా అనిపిస్తుంది. ఈనే ముందు మందకి దూరంగా జరిగిన ఆడపంది కూడా ఒంటరే. ఆడపందిని కాల్చి మగది అనుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

పక్క నుంచి చూస్తే ముదురు మగది మేకులా ఉంటుంది: ముందు భాగం బరువుగా, వెనక్కి వచ్చేకొద్దీ సన్నగా. మెడ వేరుగా కనిపించదు, తల నేరుగా భుజాల్లోకి దిగినట్టుంటుంది. పొత్తికడుపు కింద వెంట్రుకల కుచ్చు వేలాడుతుంది. ఆడా మగా తేల్చుకోవడానికి అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు అదే, చలికాలపు బొచ్చులో ఇంకా స్పష్టం. తోక కుచ్చుతో పొడుగ్గా వెనక కాలి మడమ కీలు దాకా దిగుతుంది. పై కోరలు పైకి వంగి పెదవిని ఎత్తిపడతాయి కాబట్టి ముట్టె పక్కన ఉబ్బు కనబడుతుంది. కోర తళుక్కుమంది కదా అని కాల్చకండి. రెండేళ్ళదానికీ కోరలు కనిపిస్తాయి. చారల పిల్లలు చుట్టుపక్కల ఉంటే ఆ పెద్దదాన్ని వదిలేయండి. తల్లి పోతే పాలు తాగే పిల్లలు చనిపోతాయి, మందను నడిపే ఆడది పోతే మిగతావి చెల్లాచెదురై పంట నష్టం ఇంకా పెరుగుతుంది.

పందుల సంఖ్య తగ్గించడం మీ లక్ష్యమైతే ట్రోఫీ దానికి పనికిరాదన్న సంగతి ఇక్కడే చెప్పాలి. మంచి మేత దొరికితే ఆడపంది మొదటి ఏడాదిలోనే ఎదకి వస్తుంది, ఒక ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లల దాకా పెడుతుంది. సంఖ్య అదుపులో ఉండాలంటే వేటలో పెద్ద వాటా పిల్లలదీ ఏడాదివాటిదీ కావాలి. ఐదేళ్ళ మగదాన్ని తీసేస్తే మంద సంఖ్యలో తేడా రాదు. ఈ రెండు పనుల్నీ కలిపి, పంట కాపాడుతున్నామని చెప్పి పెద్ద కోరల కోసం తిరగడం నిజాయితీ కాదు.

ఇక తూటా. పంది జూలు వీపు ఎత్తుని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. భుజాల దగ్గర వెన్నెముక అనుకున్నదానికన్నా కిందుగా వంగి వెళ్తుంది, దాని మీద నిలువుగా పొడవాటి ఎముక ముళ్ళు ఉంటాయి. గుండె, ఊపిరితిత్తులు ముందుకీ కిందికీ ఉంటాయి. గురి ముందు కాలి వెనక గీత వెంబడి, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఉండాలి. పైకి పోయిన తూటా ఆ ఎముక ముళ్ళకి తగిలితే పంది దిమ్మతిరిగి అక్కడికక్కడే కూలబడుతుంది. పడిపోయిందని తుపాకీ దించేసరికి లేచి పరిగెడుతుంది, ఇక దొరకదు. ఒక్కసారిగా కుప్పకూలి కాళ్ళు కొట్టుకుంటున్న పందిని చూస్తే సంతోషించకుండా రెండో తూటాకి సిద్ధంగా ఉండండి. ముదురు మగదాని భుజాల మీద తోలు కింద గట్టి పొర డాలులా పెరుగుతుంది, రెండు మూడు సెంటీమీటర్ల మందం దాకా ఉండొచ్చు. పోట్లాటల్లో ఇతర మగవాటి కోరల నుంచి కాపాడేది అదే. కొవ్వు గాయాన్ని మూసేస్తుంది కాబట్టి నెత్తుటి జాడ మొదటి యాభై మీటర్లలో అసలు కనబడకపోవచ్చు. జర్మనీలో ఇలాంటి పెద్ద జంతువులకి కనీసం 6.5 మిల్లీమీటర్ల తూటా, వంద మీటర్ల దూరంలో 2000 జౌళ్ళ శక్తి ఉండాలని చట్టమే చెప్తుంది. అది కింది హద్దు అనుకోండి. తలకి గురిపెట్టకండి. కదిలే తలలో మెదడు చాలా చిన్న లక్ష్యం, తప్పితే దవడ విరుగుతుంది. దవడ విరిగిన పంది మేత తినలేక రోజుల తరబడి చస్తుంది. అంతకుమించిన అన్యాయం ఈ వేటలో లేదు. కోరలు చీలిపోవడం దాని ముందు చిన్న విషయం.

గాయపడింది అనుకుంటే వెంటనే వెంటపడకండి. కాసేపు ఆగి, శిక్షణ ఉన్న కుక్కతో జాడ తీయండి. పడి ఉన్నదాని దగ్గరికి వెన్ను వైపు నుంచే వెళ్ళండి. జూలు నిక్కి ఉన్నా, చెవులు వెనక్కి అంటుకుని ఉన్నా, కళ్ళు మూసి ఉన్నా ప్రాణం ఉన్నట్టే. చచ్చిన జంతువు కళ్ళు తెరిచే ఉంటాయి. పొడవాటి కర్రతో కంటిని తాకి చూశాకే చేయి వేయాలి.

తల మౌంట్ చేయించే ఉద్దేశం ఉంటే అక్కడి నుంచి లెక్క మారుతుంది. మెడకి తాడు కట్టి ఈడ్చకండి, జూలు వెంట్రుకలు విరిగిపోతాయి, విరిగినవాటిని ఎవరూ తిరిగి పెట్టలేరు. గొంతు కోయకండి. పొట్ట కోత రొమ్ము ఎముక దగ్గరే ఆపండి. పేగులు తీసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి, బ్రూసెల్లా క్రిమి చేతి మీది చిన్న గాయం గుండా కూడా ఎక్కుతుంది. పచ్చి ముక్కలు కుక్కలకి వేయకండి. పందుల నుంచి సోకే ఔజెస్కీ అనే వైరస్ వ్యాధి మనిషికి సాధారణంగా హాని చేయదు గానీ కుక్కని రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. మాంసం తినదలిస్తే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే కండ) ముక్కని ట్రైకినెల్లా అనే పరాన్నజీవి పురుగు పరీక్షకి పంపండి, లోపల దాకా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలేలా వండండి. గడ్డకట్టిస్తే పోతుందన్న నమ్మకం వద్దు, అడవి జంతువుల్లో ఉండే కొన్ని ట్రైకినెల్లా జాతులు చలికి తట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు పని, కోరలు. బయటికి కనిపించేది కింది కోరలో దాదాపు మూడో వంతు మాత్రమే, మిగతా రెండు వంతులు దవడ లోపల వంపు తిరిగి వెనక్కి పోతాయి. ఇది తెలియక ముట్టెని కనిపించే కోరకి దగ్గరగా కోసేసి, లోపలి భాగాన్ని రంపంతో రెండు ముక్కలు చేసుకుంటారు. ఈ పనిలో తరచూ జరిగే నష్టం ఇదే, బాగుచేయడానికి వీల్లేదు. కనిపించే పొడవుకి మూడు రెట్లు కొలిచి, దానిమీద రెండు మూడు వేళ్ళు కలిపి వెనక కోయాలి. అనుమానం ఉంటే కళ్ళ వెనక నుంచి కోయండి. ఇంకా మంచిది, అసలు కోయకుండా తల మొత్తం ఉడికించడం.

పెద్ద గిన్నె, చల్లటి నీళ్ళు, దవడ పూర్తిగా మునగాలి. నీళ్ళని నెమ్మదిగా వేడి చేసి కుతకుతలాడకుండా 80, 90 డిగ్రీల దగ్గర ఉంచండి. పెద్ద మంట మీద మరిగిస్తే కోర పైపొర లోపలి కంటే వేగంగా వేడెక్కి నిలువునా చీలుతుంది. గంట దాటాక చూడండి. మామూలుగా గంట నుంచి రెండు గంటలు పడుతుంది. చిగురు మాంసం వేలితో నెడితే విడిపోతుంటే చాలు. కోర బయట మిగిలి గాలి తగలకుండా మధ్యమధ్య వేడి నీళ్ళే పోయాలి, చల్లటివి పోయకూడదు. అయ్యాక మంట ఆపి అదే నీళ్ళలో చేయి పెట్టగలిగేంత దాకా చల్లారనివ్వండి. తొందరపడి కొళాయి కింద పెడితే టప్‌మని చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు తర్వాత చేయగలిగేది ఏమీ లేదు.

పై కోరలు ముందుకి లాగితే వస్తాయి. కింది కోరలకి వయసు తేడా ఉంది. కుర్ర మగదాని కోర మొదలు వెడల్పుగా, కొన సన్నగా ఉంటుంది, కాబట్టి ముందు నుంచి రాదు. కోసిన చివర నుంచి వెనక్కి తీయాలి. ముదురుదానిలో మొదలూ కొనా దాదాపు ఒకే వెడల్పు, అది ముందుకి జారుతుంది. రాకపోతే పట్టకారతో లాగకండి, గుడ్డతో పట్టుకుని వంపు దారిలోనే మెల్లగా తిప్పండి. అప్పటికీ కదలకపోతే మళ్ళీ అరగంట వేడి నీళ్ళలో పెట్టండి. చివరి మార్గంగా దవడ లోపలి వైపు పలుచటి ఎముకని సన్నని రంపంతో తెరవచ్చు.

కోర లోపల బోలుగా ఉంటుంది, అందులో గుజ్జు. దాన్ని పూర్తిగా తీయాలి. చివర వంచిన ఇనుప తీగ, చిమటా, ఆ తర్వాత సీసాలు కడిగే సన్నని బ్రష్. మొదలు అంచు కాగితంలా పలుచగా ఉంటుంది, తీగ దానికి ఆనించి తిప్పకండి. గుజ్జు మిగిలితే ఏడాదికైనా వాసన వస్తుంది, పురుగు పడుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి రెండు మూడు రోజులు నానబెట్టి కొవ్వు తీయండి, రోజూ నీళ్ళు మార్చాలి.

ఆరబెట్టడం దగ్గర ఓపిక అవసరం. ఎండ వద్దు, హీటర్ వద్దు, ఫ్యాన్ గాలి కూడా వద్దు. కాగితంలో చుట్టి చల్లటి, నీడ ఉన్న చోట మూడు నాలుగు వారాలు. కారణం ఇదీ: కోరలో ఎక్కువ భాగం డెంటిన్ (పంటి లోపలి పదార్థం), ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది. కింది కోరకి మూడు ముఖాలుంటాయి, వెనక ముఖం మీద ఎనామిల్ (పంటి పై గట్టి పూత) ఉండదు, మిగతా రెండింటి మీద ఉంటుంది. ఎనామిల్ కుంచించుకుపోదు. రెండింటి మధ్య లాగులాట వల్ల, త్వరగా ఆరితే పొడవునా చీలిక వస్తుంది. అదే ఎనామిల్ తేడా బతికున్నప్పుడు పందికి ఆయుధం: కింది కోర పై కోరకి రాసుకుంటూ మెత్తటి డెంటిన్ ముందు అరిగి, ఎనామిల్ అంచు కత్తిలా నిలుస్తుంది.

ఆరాక లోపల నింపండి. నింపకపోతే వాతావరణంలో తేమ మారినప్పుడల్లా పలుచటి మొదలు కదిలి, నెలల తర్వాత అయినా చీలుతుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు మంచిది. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం ఎక్కువ మోతాదులో పోస్తే అదే వేడెక్కి కోరని పగలగొడుతుంది. ఒక్కసారి నింపకుండా రెండు మూడు పొరలుగా, ఒక్కోదానికి ఒక రోజు వ్యవధి ఇచ్చి పోయండి. తేనెమైనం కూడా వాడతారు. దానికో సుగుణం ఉంది, కావాలంటే కరిగించి తీసేయవచ్చు. కానీ వేడి ప్రాంతాల్లో గోడ మీద నుంచి కారుతుంది. పైన వార్నిష్ వేయకండి, పసుపు తిరుగుతుంది. పలుచగా వ్యాజలీన్ లేదా లిక్విడ్ పారఫిన్ ఆరు నెలలకోసారి చాలు.

మొదలు దగ్గర తెల్లగా, పైకి గోధుమరంగులో కనిపించే మరక మురికి కాదు. వేళ్ళు తవ్విన మట్టీ, చెట్ల రసమూ ఏళ్ళ తరబడి పట్టిన రంగు. బట్టల బ్లీచింగ్ ద్రావణం పెడితే డెంటిన్ సుద్దలా పొడిబారుతుంది. అరిగిన ముఖాన్ని పాలిష్ చేసి మెరిపించడం కూడా తప్పే. ఆ అరుగుదల పొడవు వయసుతో పెరుగుతుంది. వయసు అంచనాకి జర్మన్ వేటగాళ్ళు వాడే బ్రాండ్ట్ పద్ధతి సులువు: కోర మొదలు దగ్గర వెడల్పుని, అరుగుదల మొదలయ్యే చోటి వెడల్పుతో భాగించండి. కుర్రదానిలో ఈ సంఖ్య ఒకటి కంటే బాగా ఎక్కువ, ముదిరేకొద్దీ ఒకటికి దగ్గరవుతుంది. కోరని అరగదీసి సొగసు చేసినవాళ్ళకి ఈ లెక్క ఇక దక్కదు.

అంతర్జాతీయంగా కోరల్ని కొలిచేది సీఐసీ పద్ధతిలో. 1930లో ఏర్పడిన ఈ వేట, వన్యప్రాణి సంరక్షణ మండలి సూత్రం ఇలా ఉంటుంది: రెండు కింది కోరల సగటు పొడవు సెంటీమీటర్లలో, బయటి వంపు వెంబడి, వాటి సగటు వెడల్పు మిల్లీమీటర్లలో, మూడుతో హెచ్చించి, రెండు పై కోరల చుట్టుకొలతల మొత్తం సెంటీమీటర్లలో. ఇవన్నీ కూడి, అందానికి ఐదు దాకా కలిపి, పొంతన లేకపోయినా ఆకారం వికృతంగా ఉన్నా పది దాకా తీసేస్తారు. 110 కాంస్యం, 115 రజతం, 120 స్వర్ణం. ఉదాహరణకి పొడవులు 21.4, 21.0 అయితే సగటు 21.2. వెడల్పులు 24.6, 24.2 అయితే సగటు 24.4, మూడుతో గుణిస్తే 73.2. పై కోరలు 7.1, 6.9 కలిపి 14.0. మొత్తం 108.4. అందానికి మూడు వస్తే 111.4, కాంస్యం. ఇందులో కిటుకు గమనించండి: ఒక మిల్లీమీటరు వెడల్పు మూడు సెంటీమీటర్ల పొడవుకి సమానం. పొడవు కుర్రదానికీ వస్తుంది, వెడల్పు వయసుతోనే వస్తుంది. అందుకే ఈ సూత్రం నాకు నచ్చుతుంది, అది ముదురుదనాన్ని గౌరవిస్తుంది. పతకం రాని ఏడేళ్ళ పంది కోరలు, పతకం వచ్చిన నాలుగేళ్ళదాని కోరల కంటే విలువైనవని మాత్రం ఏ సూత్రమూ చెప్పదు, నేను చెప్తాను.

పూర్తి పుర్రె చేసేవాళ్ళు తోలూ నాలుకా కళ్ళూ తీసేసి, మెదడుని వంకీ తీగతో కదిపి నీళ్ళ ధారతో బయటికి తెప్పించాలి. ముక్కు చివర మెత్తటి భాగంలో విడిగా ఒక చిన్న ఎముక ఉంటుంది, నేల తవ్వేటప్పుడు ముట్టెకి బలం దానిదే. మాంసంతో పాటు దాన్ని పారేస్తుంటారు. తీసి పక్కన పెట్టుకుని, చివర్లో అతికించండి. పైన చెప్పినట్టే నెమ్మదిగా ఉడికించి, మొదట కోరలు తీసేసి, మిగతా పుర్రెకి మాంసం వదిలేదాకా కొనసాగించండి. నీళ్ళు పారబోసేముందు జల్లెడ పట్టండి, ముందు పళ్ళు ఊడి అడుగున ఉంటాయి.

పంది ఎముకలో కొవ్వు ఎక్కువ. లేడి పుర్రెకి వారంలో అయ్యే పని దీనికి నెల పట్టొచ్చు. 40 డిగ్రీల దగ్గర ఉంచిన డిటర్జెంట్ నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మసకబారినప్పుడల్లా మార్చండి, మారకుండా తేటగా ఉండేదాకా. ఇది సగంలో ఆపి తెల్లబరిస్తే కొన్ని నెలల్లో పసుపు మరకలు పైకి తేలతాయి. తెల్లబరచడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒకటి రెండు రోజులు చాలు. అందులో పెట్టి మరిగించకండి, ఎముక పొరలు పొరలుగా రాలుతుంది. కోరలు పెరాక్సైడ్ దరిదాపులకి రాకూడదు. చివరికి దవడలో కోరల్ని మైనంతో నిలబెడితే, ఎప్పుడైనా కొలవడానికి బయటికి తీయవచ్చు.

వయసుని నమ్మకంగా చూపించేది ఈ దవడే. పందికి మొత్తం 44 పళ్ళు. దవడ వెనక ఉండే నమిలే పళ్ళలో మొదటి పెద్ద దంతం ఆరు నెలల దగ్గర, రెండోది ఏడాది దాటాక, మూడోది రెండేళ్ళ దగ్గర వస్తాయి. మూడోది ఇంకా చిగురు దాటకపోతే అది రెండేళ్ళు నిండని పంది, ఒంటి సైజు ఎంతైనా సరే. ఆ తర్వాత ఏళ్ళని అరుగుదలతో అంచనా వేస్తారు: మొదటి దంతం మీది గుబ్బలు చదునైపోయి, మూడోది కూడా అరగడం మొదలైతే ముదురుది. ఆడపందికైనా ఇదే లెక్క పనికొస్తుంది, కోరలు పనికిరావు.

తల మౌంట్ కావాలనే అనుకుంటే తోలుని ముందు కాళ్ళకి బాగా వెనక, పక్కటెముకల మధ్యలో చుట్టూ కోసి, జూలు మీద కోత పెట్టకుండా గొట్టంలా తల వైపు ఒలవండి. ఎక్కువ తోలు ఉంటే టాక్సిడెర్మిస్ట్ (మౌంట్ తయారుచేసేవాడు) కత్తిరించుకుంటాడు, తక్కువైతే ఏం చేయలేడు. ఒలిచేముందు మూడు కొలతలు రాసుకోండి: ముట్టె చివర నుంచి కంటి లోపలి మూల దాకా, చెవుల వెనక మెడ చుట్టుకొలత, భుజాల ముందు చుట్టుకొలత. పక్క నుంచీ ఎదురు నుంచీ ఫొటోలు. ఇవి లేకపోతే దగ్గరలో ఉన్న అచ్చుకి తోలుని సాగదీసి తొడుగుతారు, ముఖం మారిపోతుంది.

వెంట్రుక ఊడిపోవడం అన్నది చలికాలంలోనూ గంటల వ్యవధిలో మొదలవుతుంది, ముందుగా పెదవులు, చెవులు, కనురెప్పల దగ్గర. ప్లాస్టిక్ సంచిలో వెచ్చగా చుట్టిన తోలు పోయినట్టే. ఒకటి రెండు రోజుల్లో చేరవేయలేకపోతే గడ్డకట్టించండి, లేదా ఉప్పు పెట్టండి, రెండూ కలిపి చేయకండి. ఉప్పు పెట్టిన తోలు సరిగా గడ్డకట్టదు. ఉప్పు పెట్టే ముందు కొవ్వు పూర్తిగా గీకాలి, భుజాల డాలు పొరని పలుచబరచాలి, చెవుల్ని మృదులాస్థి నుంచి విడదీసి తిరగేయాలి, పెదవుల్ని లోపలి నుంచి చీల్చాలి. ఉప్పు కొవ్వు గుండా దిగదు, చాలా పంది తోళ్ళు పాడయ్యేది అక్కడే. సన్నటి ఉప్పు తోలు బరువులో కనీసం సగం. ఒక రోజు వాలుగా పెట్టి నీరు కారనిచ్చి, తడి ఉప్పు దులిపి మళ్ళీ కొత్తది పట్టించండి.

భంగిమ గురించి నా మాట గట్టిగానే ఉంటుంది: నోరు బార్లా తెరిచి, పెదవులు ముడిచి, ఎర్రటి ప్లాస్టిక్ నాలుకతో అరుస్తున్నట్టు చేయించకండి. బెదిరినప్పుడు పంది చేసేది దవడలు కొట్టుకుంటూ నురగ కక్కడం, జూలు నిక్కబెట్టడం. పులిలా నోరు చాచదు. మూసిన నోరు, పెదవిని ఎత్తిన పై కోర, కొంచెం ముందుకి వంగిన చెవులు, అంతే. అరుపు భంగిమ చెప్పేది వేటగాడి ధైర్యం గురించి, జంతువు గురించి ఒక్క ముక్కా చెప్పదు.

కోరల పలకకి ముదురు రంగు కలప బాగుంటుంది. కింది కోరలు బయట వలయంలా, కొనలు పైకి, పై కోరలు లోపల. కోరకి రంధ్రం చేయకండి. నింపిన ఎపాక్సీ గట్టిపడకముందే మొదలులో చిన్న స్క్రూ నిలబెట్టి, పలక వెనక నుంచి బిగించండి.

దేశం దాటించేముందు రెండు విషయాలు. అంతరించే ప్రమాదం ఉన్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ జాబితాల్లో అడవి పంది లేదు, దాని బంధువులు బాబిరూసా, పిగ్మీ హాగ్ ఉన్నాయి. అసలు అడ్డంకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. ఈ వైరస్ 2007లో జార్జియాకి చేరి, 2014లో లిథువేనియా, పోలెండ్, లాత్వియా, ఎస్టోనియాలకి పాకింది. మనిషికి సోకదు గానీ పందుల్ని తుడిచిపెడుతుంది. నెత్తురు అంటిన బూట్లు, కత్తి, సరిగా శుద్ధి చేయని తోలు దాన్ని మోసుకుపోగలవు. ఎముక, కోరలకి మాంసమంతా వదిలేదాకా నీళ్ళలో మరిగించడం, తోలుకి 2 శాతం సోడియం కార్బొనేట్ కలిపిన సముద్రపు ఉప్పులో కనీసం 28 రోజులు ఉంచడం అంతర్జాతీయ పశు ఆరోగ్య ప్రమాణాల్లో ఉన్న పద్ధతులు. చేరే దేశం ఇంకేం అడుగుతుందో ముందే కనుక్కుని, పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోండి.

పని అంతా అయ్యాక పలక వెనకో పుర్రె లోపలో చెరగని సిరాతో తేదీ, చోటు, పేగులు తీశాక బరువు, దంతాల బట్టి వయసు, కోరల కొలతలు రాయండి. కోరలు పలక మీద ఉంటే, దవడ ఎముకకి అదే సంఖ్య వేసి వేరే డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాని ఏడాదికోసారి తెరిచి, అడుగున సన్నటి పొడి రాలిందేమో చూడండి. రాలితే తోలు తినే పురుగు చేరినట్టు. సంచిలో గట్టిగా కట్టి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచి తీయండి.